ఆల్-బటన్ ఆర్కేడ్ కంట్రోలర్లు : ప్లాట్‌ఫామ్ ఫైటర్ వీడియోగేములలో సాధనం, నైపుణ్యం, న్యాయం

వ్యాససంగ్రహం:

జాయ్‌స్టిక్ లేకుండా కేవలం బటన్లతోనే పనిచేసే ఆర్కేడ్ తరహా కంట్రోలర్లు గత దశాబ్దిన్నర కాలంలో పోరాట వీడియోగేముల పోటీలలోకి ప్రవేశించాయి. ప్లాట్‌ఫామ్ ఫైటర్ అనే ఉపజాతికి చెందిన ఆటలలో, ముఖ్యంగా 'సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ'లో, ఇవి తీవ్రమైన వాదోపవాదాలకు కారణమయ్యాయి. ఈ పరికరాల నిర్మాణం, పనితీరు, అవి లేవనెత్తిన న్యాయసంబంధమైన ప్రశ్నలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. ఉత్తరాంధ్రకు పరిచితమైన వీణ, వయొలిన్, హార్మోనియం వాద్యాలతోనూ, విమాన నియంత్రణ వ్యవస్థతోనూ పోల్చి, పరికరం న్యాయమైనదా కాదా అన్నది బటన్ల సంఖ్యను బట్టి గాక, చేతికీ ఆటకూ నడుమ ఉన్న ప్రోగ్రాం తీసుకొనే నిర్ణయాలను బట్టి తేలవలసి ఉంటుందని ప్రతిపాదించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఆల్-బటన్ కంట్రోలర్, ప్లాట్‌ఫామ్ ఫైటర్, జాయ్‌స్టిక్, గమకం, ఎదురెదురు దిశలు, సాధన న్యాయం.

1. ఉపోద్ఘాతం:

ఏ విద్యలోనైనా సాధకునికీ, సాధ్యానికీ నడుమ ఒక సాధనం ఉంటుంది. విలుకానికి విల్లు, వైణికునికి వీణ, లేఖకునికి గంటం అటువంటివి. సాధనం మారినప్పుడల్లా, కనిపిస్తున్న ప్రతిభ మనిషిదా, పనిముట్టుదా అనే సందేహం తలెత్తుతూనే ఉంది. వీడియోగేముల పోటీలలో ఈ సందేహం ఇటీవల చాలా స్పష్టమైన రూపం ధరించింది. ఇక్కడ సాధనం లోపల ఒక చిన్న కంప్యూటర్ ఉండటం, ఆ కంప్యూటర్‌కు ఏమి నేర్పాలో తయారీదారుడే నిర్ణయించటం దీనికి కారణం.

ఈ చర్చ ప్రధానంగా అమెరికా, జపాన్ దేశాల పోటీవేదికల మీద జరిగింది. అయినా అందులోని మూలప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. భోగాపురం నెలకొన్న విజయనగరం జిల్లా ఒకవైపు బొబ్బిలి వీణకూ, మరొకవైపు విజయనగరం సంగీత కళాశాలకూ పేరెన్నికగన్నది. ఏ వాద్యం ఏ స్వరాన్ని ఎలా పలికించగలదు, పలికించలేనప్పుడు దానిని సభలో అనుమతించవచ్చునా అనే చర్చ ఆ సంగీతలోకానికి సుపరిచితం. ఆ నేపథ్యం ఈ కొత్త సాధనాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

2. ప్లాట్‌ఫామ్ ఫైటర్ స్వరూపం:

సాధారణ పోరాట ఆటలలో ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలిచి, ఒకరి ప్రాణశక్తిని మరొకరు శూన్యం చేయడానికి పోరాడతారు. ప్లాట్‌ఫామ్ ఫైటర్‌లో దెబ్బతిన్న కొద్దీ యోధుని నష్టశాతం పెరుగుతుంది. శాతం పెరిగిన కొద్దీ అతడు దెబ్బకు మరింత దూరం ఎగిరిపడతాడు. చివరకు వేదిక హద్దులు దాటించినవాడిది పైచేయి. అందువల్ల ఈ ఆటలో దాడి ఎంత ముఖ్యమో, గాలిలో కదలిక, వేదికపై నిలదొక్కుకోవడం కూడా అంతే ముఖ్యం.

మసాహిరో సకురాయ్ సారథ్యంలో హాల్ లాబొరేటరీ రూపొందించిన 'సూపర్ స్మాష్ బ్రదర్స్' 1999లో నింటెండో 64 యంత్రంపై విడుదలై ఈ జాతికి ఒరవడి పెట్టింది. 2001లో గేమ్‌క్యూబ్ యంత్రంపై వచ్చిన 'మెలీ' ఇప్పటికీ పోటీలలో ఆడబడుతున్నది. 2017లో వెలువడిన 'రైవల్స్ ఆఫ్ ఈథర్' వంటి ఆటలు ఇదే మార్గంలో నడిచాయి.

మెలీ సెకనుకు సుమారు 60 చిత్రాల వేగంతో నడుస్తుంది. ఒక్కొక్క చిత్రాన్ని 'ఫ్రేమ్' అంటారు. ఒక ఫ్రేమ్ నిడివి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి ఫ్రేములోనూ ఆట కంట్రోలర్ స్థితిని చదువుతుంది. ఆటగాడి బొటనవేలు ఆ క్షణంలో స్టిక్‌ను ఎక్కడ నిలిపిందన్నదే ఆటకు తెలిసే సమాచారం. వేలి వెనుక ఉన్న ఉద్దేశం ఆటకు తెలియదు.

3. స్టిక్ పనితీరు:

గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌లో ఎడమచేతి బొటనవేలి కింద ఒక అనలాగ్ స్టిక్ ఉంటుంది. అది ఏ దిశకైనా, ఎంత మేరకైనా వంగుతుంది. మెలీ ఆ వంపును రెండు అంకెలుగా గ్రహిస్తుంది. అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అన్నవే ఆ అంకెలు. కేంద్రం నుంచి అంచు వరకు దూరం 80 యూనిట్లు. 80 యూనిట్ల వ్యాసార్ధం గల వృత్తంలో పూర్ణాంక బిందువులు సుమారు 20,000 ఉంటాయి. అంటే స్టిక్ పట్టిన ఆటగానికి సూత్రప్రాయంగా అన్ని స్థానాలు అందుబాటులో ఉన్నట్లే.

అయితే అన్ని స్థానాలకూ ఆటలో ఒకే విలువ లేదు. ఏ అక్షంపైనైనా 23 యూనిట్ల లోపు కదలికను ఆట శూన్యంగానే లెక్కిస్తుంది. యోధుడు పరుగందుకోవాలంటే స్టిక్ అడ్డంగా కనీసం 64 యూనిట్లు, అదీ వేగంగా, కదలాలి. కుడివైపు చూస్తున్న యోధుణ్ణి ఎడమకు పరుగెత్తించాలని ఆటగాడు స్టిక్ లాగాడనుకొందాం. సరిగ్గా స్టిక్ దారిమధ్యలో ఉన్నప్పుడే ఆట దాని స్థితిని చదివితే, యోధుడు పరుగెత్తకుండా మెల్లగా వెనుదిరుగుతాడు. ఆటగాని చేయి తప్పలేదు, కాలం కలిసిరాలేదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఆటగాళ్ళ సమాజమే 2017లో 'యూనివర్సల్ కంట్రోలర్ ఫిక్స్' అనే మార్పును రూపొందించుకొని పోటీలలో అమలుచేసింది.

కొన్ని కోణాలకు ప్రత్యేకమైన విలువ ఉన్నది. 'వేవ్‌డాష్' అనే కదలికలో యోధుడు ఎగిరిన వెంటనే నేలవైపు ఏటవాలుగా తప్పుకొని, నేలపై జారుతాడు. ఆ ఏటవాలు ఎంత తక్కువైతే జారుడు అంత ఎక్కువ. 23 యూనిట్ల నియమంవల్ల ఆ కోణం సుమారు 17 డిగ్రీలకన్న తగ్గదు. స్టిక్‌తో ఆ 17 డిగ్రీల వద్ద నిలకడగా ఆగటం సంవత్సరాల సాధనతో గాని పట్టుబడదు. ఈ కారణంగానే కొందరు ఆటగాళ్ళు స్టిక్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచులో, కావలసిన కోణాల వద్ద సన్నని గాట్లు పెట్టించుకొంటారు. స్టిక్ ఆ గాటులో ఒదిగి సరైన చోట నిలుస్తుంది. సాధనాన్ని సవరించుకోవడం బటన్ల పరికరాలతోనే మొదలు కాలేదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

4. ఆల్-బటన్ కంట్రోలర్ నిర్మాణం:

ఆర్కేడ్ యంత్రాలలో ఎడమచేతికి లివర్, కుడిచేతికి బటన్లు ఉండటం పరిపాటి. 2010 దశకం ఆరంభంలో వచ్చిన 'హిట్ బాక్స్' లివర్‌ను పూర్తిగా తొలగించింది. ఎడమ, కింద, కుడి దిశలకు ఎడమచేతి వేళ్ళ కింద మూడు బటన్లు, పై దిశకు బొటనవేలికి అందే ఒక పెద్ద బటన్ అమర్చింది. ఒక్క మణికట్టు చేసే పనిని ఇక్కడ నాలుగు వేళ్ళు పంచుకొంటాయి.

ఈ పద్ధతిని స్మాష్ ఆటలకు అన్వయించడంలో ఒక చిక్కు వచ్చింది. దిశల బటన్లు నాలుగే ఉంటే ఎనిమిది దిశలు, నిశ్చల స్థితి కలిపి మొత్తం తొమ్మిది స్థానాలే సాధ్యం. ఇరవై వేల స్థానాల ఆటకు తొమ్మిది చాలవు. దీనికి పరిష్కారంగా 'మాడిఫయర్' బటన్లు వచ్చాయి. కంప్యూటర్ కీబోర్డులో షిఫ్ట్ మీట అక్షరాన్ని మార్చినట్లే, మాడిఫయర్ నొక్కి దిశ బటన్ నొక్కితే స్టిక్ కొద్దిగా వంగినప్పటి అంకె వెలువడుతుంది. రెండు మాడిఫయర్లు, దిశలు, ఇతర బటన్లు కలిసి ఎన్నో స్థానాలను ఇవ్వగలవు. హిట్ బాక్స్ సంస్థ 2016లో ప్రకటించిన 'స్మాష్ బాక్స్', మెలీ ఆటగాడు అజీజ్ అల్-యామీ రూపొందించిన 'బాక్స్' (సున్నా అంకెతో, రెండు ఎక్స్‌లతో రాసే పేరు) ఈ కోవలోనివి. తరువాతి కాలంలో చవకైన మైక్రోకంట్రోలర్ బోర్డులు, బహిరంగంగా లభించే ప్రోగ్రాములు అందుబాటులోకి రావడంతో ఔత్సాహికులు ఇళ్ళలోనే ఇటువంటి పరికరాలను తయారుచేసుకొంటున్నారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. బటన్ తనంతట తానుగా చెప్పగలిగేది 'నొక్కబడింది', 'నొక్కబడలేదు' అనే రెండు మాటలే. వాటిని 80, 56, 23 వంటి అంకెలుగా మార్చేది లోపలి ప్రోగ్రాం. ఆటగాడు బటన్లను ఎన్నుకొంటాడు, కోణాన్ని మాత్రం ప్రోగ్రాం రాసినవాడు ముందే ఎన్నుకొని ఉంటాడు. వివాదమంతా ఈ విభజన వద్దనే ప్రారంభమైంది.

5. వాద్యాలతో సామ్యం:

స్టిక్‌ది అవిచ్ఛిన్న గతి, బటన్‌ది విచ్ఛిన్న గతి. సంగీతంలో ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది. విజయనగరంలో 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ ఆచార్యులై, అనంతరం అధ్యక్షులైనారు. వయొలిన్ యూరప్ నుంచి వచ్చిన వాద్యమే. దాని మెడపై మెట్లు లేవు. వేలు ఏ స్థానంలోనైనా నిలవగలదు, ఒక స్థానం నుంచి మరొక స్థానానికి జారగలదు. గమకానికి అనువైనది కనుక కర్ణాటక సంగీతం దానిని తనదిగా చేసుకొన్నది.

హార్మోనియం కూడా యూరప్ నుంచే వచ్చింది. స్థాయికి పన్నెండు మీటలు, వాటి మధ్య ఖాళీ. మీట నొక్కితే స్వరం పలుకుతుంది, స్వరాల నడుమ జారుడు పలకదు. ఈ కారణంగా ఆకాశవాణి 1940 నుంచి సుమారు మూడు దశాబ్దాలపాటు హార్మోనియంను తన కార్యక్రమాల నుంచి బహిష్కరించింది. అదే హార్మోనియం తెలుగు పద్యనాటకానికి ప్రాణాధారమైంది. రాత్రంతా సాగే నాటకంలో నటునికి శ్రుతి తప్పకుండా ఆధారమిచ్చే గుణం అక్కడ అవసరమైంది. గమకం పలకని లోపమూ, శ్రుతి చెదరని గుణమూ ఒకే నిర్మాణం నుంచి పుట్టినవి.

బొబ్బిలి వీణ ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. పనసకర్రతో తయారయ్యే ఆ వీణపై 24 మెట్లు స్థిరంగా ఉంటాయి. వైణికుడు మెట్టుపై తీగను పక్కకు లాగి, మెట్ల మధ్యనున్న స్వరాలను కూడా పలికిస్తాడు. స్థిరమైన మెట్టు ఊతమిస్తుంది, లాగే వేలు గమకమిస్తుంది.

ఈ సామ్యం ఆల్-బటన్ కంట్రోలర్‌కు చాలావరకు వర్తిస్తుంది. హార్మోనియంలాగే అది తక్కువ స్థానాలను ఇస్తుంది, ఇచ్చిన స్థానాన్ని ప్రతిసారీ చెదరకుండా ఇస్తుంది. స్టిక్ పట్టినవానికి 17 డిగ్రీల కోణం సాధనాఫలం. బటన్ల పరికరంలో అది ముందే శ్రుతిచేసి ఉంచిన మీట. అయితే ప్రతిద్వంద్వి దెబ్బకు తట్టుకొని అప్పటికప్పుడు ఏ రెండు దిశల మధ్యనో సూక్ష్మమైన కోణం కావలసి వచ్చినప్పుడు స్టిక్‌దే పైచేయి. ఒక తేడా మాత్రం మరువరాదు. హార్మోనియం మీట ఎప్పుడూ ఒకే స్వరం పలుకుతుంది. కంట్రోలర్ మీట ఏమి పలకాలో ప్రోగ్రాం మార్చి మళ్ళీ రాయవచ్చు. బయటి నుంచి చూసేవారికి ఆ మార్పు కనిపించదు.

6. ఎదురెదురు దిశల సమస్య:

స్టిక్ ఏకకాలంలో కుడికీ ఎడమకూ వంగలేదు. బటన్లు రెండింటినీ ఒకేసారి నొక్కడం సులభం. అప్పుడు ఏమి జరగాలన్నది ప్రకృతి నిర్ణయించదు, ప్రోగ్రామే నిర్ణయించాలి. ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. ఒకటి, రెండూ పరస్పరం రద్దయి నిశ్చల స్థితి ఏర్పడటం. రెండు, చివర నొక్కిన దిశకు ప్రాధాన్యం లభించటం. మూడు, ఒక నిర్దిష్ట దిశకు, ఉదాహరణకు పై దిశకు, ఎల్లప్పుడూ ప్రాధాన్యమివ్వటం.

ఈ ఎంపిక స్వల్పమైనదిగా కనిపించినా ఫలితం పెద్దది. 'స్ట్రీట్ ఫైటర్' ఆటలో గైల్ అనే యోధుడు కొంతసేపు వెనుకకు నిలిపి, ముందుకు తోసి, పిడికిలి బటన్ నొక్కితే 'సోనిక్ బూమ్' వెలువడుతుంది. స్టిక్ అయితే వెనుక నుంచి ముందుకు కేంద్రం మీదుగా ప్రయాణించాలి. చివరి దిశకు ప్రాధాన్యమిచ్చే బటన్ పరికరంలో వెనుక బటన్‌ను వదలకుండానే ముందు బటన్ తట్టవచ్చు. ముందు బటన్ వదిలిన మరుక్షణం యోధుడు మళ్ళీ వెనుక దిశలో, రక్షణలో ఉంటాడు. 2019లో ప్రసిద్ధ జపాన్ ఆటగాడు డైగో ఉమెహరా వాడిన ఆల్-బటన్ పరికరంపై ఆట రూపకర్తలైన క్యాప్‌కామ్ సంస్థ అభ్యంతరం తెలిపినప్పుడు ఈ సమస్య లోకదృష్టికి వచ్చింది. 2023లో 'స్ట్రీట్ ఫైటర్ 6' రాకతో ఆ సంస్థ పోటీ నియమాలు ఎదురెదురు దిశలు కలిస్తే నిశ్చల స్థితి రావాలని నిర్దేశించాయి.

ఇదే ప్రశ్నను విమానరంగం చాలాకాలం క్రితమే ఎదుర్కొన్నది. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురం అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం వంటి చోట్ల రాకపోకలు సాగించే మధ్యతరహా విమానాలలో బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ320 ప్రధానమైనవి. 737లో ఇద్దరు పైలట్ల యోకులు యాంత్రికంగా జోడింపబడి ఉంటాయి. ఒకరు లాగితే రెండవ యోకు కూడా కదులుతుంది కనుక విరుద్ధమైన ఆజ్ఞ చేతికే తెలిసిపోతుంది. 1988 నుంచి సేవలో ఉన్న ఏ320లో సైడ్‌స్టిక్‌లు రెండూ వేర్వేరుగా కదులుతాయి. ఇద్దరూ ఒకేసారి కదిపితే కంప్యూటర్ రెండు ఆజ్ఞలనూ బీజగణిత పద్ధతిలో కూడుతుంది. సమానంగా ఎదురెదురైతే ఫలితం శూన్యం. అప్పుడు హెచ్చరిక వినిపిస్తుంది. ఒక పైలట్ ప్రాధాన్య బటన్ నొక్కితే నియంత్రణ అతనిదవుతుంది. ఇద్దరూ నొక్కితే చివర నొక్కినవారిది. రద్దు, చివరి ఆజ్ఞకు ప్రాధాన్యం అనే ఈ రెండు నియమాలే ఆట కంట్రోలర్లలోనూ కనిపించడం యాదృచ్ఛికం కాదు. యంత్రభాగం స్వయంగా పరిష్కరించే విరోధాన్ని ప్రోగ్రాంకు అప్పగించినప్పుడు, దానికి ఒక నియమం రాయక తప్పదు. విమానంలో ఆ నియమం పైలట్లిద్దరికీ ముందుగా తెలుసు. ఆటలో అది ప్రత్యర్థికి తెలియకపోవచ్చు.

7. చేతి ఆరోగ్యం:

ఈ చర్చను కేవలం లాభనష్టాల లెక్కగా చూస్తే ఒక ముఖ్యమైన పార్శ్వం మరుగున పడుతుంది. మెలీ అత్యంత వేగవంతమైన ఆట. ఒక్క బొటనవేలు గంటల తరబడి స్టిక్‌ను తిప్పుతూ ఉండాలి. చేతుల నొప్పితో, గాయాలతో ఆటకు విరామమిచ్చిన క్రీడాకారులు ఎందరో ఉన్నారు. పైన పేర్కొన్న అజీజ్ అల్-యామీ కూడా చేతి గాయాలవల్ల ఆటకు దూరమైన తరువాతనే తన పరికర రూపకల్పనకు పూనుకొన్నారు. ఆయన విషయంలో బటన్ల పరికరం ఆధిక్యం కోసం వెతికిన దారి అనడం కన్న తిరిగి ఆడటానికి దొరికిన దారి అనడం సమంజసం.

పరికరం మార్చినంత మాత్రాన శ్రమ అంతరించదు. బటన్ల పరికరంలో భారం బొటనవేలి నుంచి ఇతర వేళ్ళకూ, మణికట్టుకూ మారుతుంది. అయినా ఆ భారం పది వేళ్ళ మధ్య పంచబడుతుంది. వేలి సైజుకు, చేతి వంపుకు తగినట్లు బటన్లను అమర్చుకోవచ్చు. అందువల్ల పూర్తి నిషేధం విధిస్తే గాయపడినవారు పోటీకి శాశ్వతంగా దూరమవుతారు. పూర్తి స్వేచ్ఛ ఇస్తే స్టిక్‌తో సంవత్సరాలు సాధన చేసినవారి శ్రమ విలువ తగ్గుతుంది. రెండు పక్షాల వాదంలోనూ ధర్మం ఉన్నది కనుకనే ఈ సమస్య జటిలమైనది.

8. నియమాల దిశ:

మెలీ సమాజంలో ముందుకు వచ్చిన ప్రతిపాదనలు ఈ రెండింటి నడుమ మార్గాన్ని వెతికాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు. ఎదురెదురు దిశల విషయంలో ప్రోగ్రాం ఇచ్చే సౌలభ్యాన్ని పరిమితం చేయడం మొదటిది. ఒక అంచు నుంచి మరొక అంచుకు అంకె తక్షణం మారకుండా, బొటనవేలు ప్రయాణించేటంత స్వల్పకాలాన్ని ప్రోగ్రామే కలపడం రెండవది. ముందే నిర్ణయించిన అంకెకు ప్రతిసారీ అతిస్వల్పమైన చలనాన్ని జోడించి, యాంత్రికమైన కచ్చితత్వాన్ని తగ్గించడం మూడవది.

ఈ మూడింటిలో ఏదీ బటన్‌ను నిషేధించదు. మూడూ ప్రోగ్రాంనే ఉద్దేశిస్తాయి. ఆటగాని వేళ్ళ వేగాన్ని, నేర్పును యథాతథంగా ఉంచి, అతని బదులు ప్రోగ్రాం చేస్తున్న పనిని మాత్రమే తగ్గిస్తాయి. వీటి అమలులో ఒక ఆచరణాత్మకమైన చిక్కు లేకపోలేదు. ఒకే విధంగా కనిపించే రెండు పెట్టెలలో భిన్నమైన ప్రోగ్రాములు ఉండవచ్చు. పోటీ నిర్వాహకుడు పెట్టెను చూసి లోపలి నియమాన్ని చెప్పలేడు. కనుక ప్రోగ్రాంను బహిరంగపరచడం, పోటీస్థలంలో పరీక్షించే విధానం ఏర్పరచడం నియమాలతోపాటు అవసరమవుతాయి.

ఖరీదైన పరికరం లేనివారు సాధారణ కంప్యూటర్ కీబోర్డుతో ఆడవచ్చు. 2020లో 'స్లిప్పీ' ప్రోగ్రాం ద్వారా మెలీని అంతర్జాలంలో సాఫీగా ఆడే వీలు కలిగిన తరువాత ఈ మార్గం మరింత మందికి చేరువైంది. అయితే చవకైన కీబోర్డులు మూడు నాలుగు మీటలను ఒకేసారి నొక్కినప్పుడు కొన్నింటిని గుర్తించలేవు. ఈ పరిమితి ఏ నియమావళీ విధించినది కాదు, ధర విధించినది. సాధన న్యాయాన్ని గురించి ఆలోచించేవారు దీనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఆల్-బటన్ కంట్రోలర్ స్టిక్‌కన్న అన్ని విధాలా గొప్పదీ కాదు, తక్కువదీ కాదు. స్థానాల సంఖ్యలో అది పేద, ఉన్న స్థానాల నిలకడలో సంపన్న. స్టిక్ వాడేవారు గాట్ల ద్వారా, సమాజం ఆట సవరణల ద్వారా సాధనాన్ని ఇదివరకే మార్చుకొన్నందువల్ల, మార్పు జరిగిందన్న ఒక్క కారణంతో బటన్ల పరికరాన్ని తప్పుపట్టడం నిలవదు. ఎదురెదురు దిశల సమస్య చూపినట్లు, యంత్రభాగం చేసే నిర్ణయాన్ని ప్రోగ్రాంకు అప్పగించిన చోటనే న్యాయప్రశ్న పుడుతుంది. గాయపడిన చేతికి పోటీలో చోటు కల్పించడం ఎంత అవసరమో, ఆ చేతి బదులు ప్రోగ్రాం ఎంతవరకు ఆడుతున్నదో అందరికీ తెలిసేటట్లు చేయడం కూడా అంతే అవసరం.

సంగీతలోకం వయొలిన్‌ను ఆదరించి, హార్మోనియంను ఒక వేదికపై నిరాకరించి, మరొక వేదికపై తలకెత్తుకొన్నప్పుడు ఆయా వాద్యాలు ఏమి పలకగలవన్నదే ప్రమాణమైంది. డిజిటల్ సాధనాల విషయంలో ఆ ప్రమాణానికి తోడు మరొక ప్రశ్న చేరింది. పలికినది వేలా, వేలి వెనుక ముందే రాసి ఉంచిన వాక్యమా అన్నదే ఆ ప్రశ్న. ఆటల పోటీలతోపాటు, టైపింగ్ సాధనాలు, సంగీత యంత్రాలు, దివ్యాంగుల సహాయక పరికరాలు మొదలైన రంగాలలో పరిశోధకులు ఈ ప్రశ్నను విస్తరించి పరిశీలించవలసిన అవసరం ఉన్నది.